తొమ్మిదో బండ పగుళ్ళు

"టేపు వదలకండి సార్!" అని నేను అరిచేలోపే సారు టేపుతో సహా బయల్దేరాడు. బండ నున్నగా ఉంది, ఆయన బూట్లు కొత్తవి, కింద సీతాఫలం పొదలు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, టోపీ ఒక దిక్కు, పెన్ను ఒక దిక్కు, బడిపిల్లలు జారుడుబల్ల మీద జారినట్టు జారిపోయి పొదల్లో ఆగాడు. నేను పైన సున్నా కొస పట్టుకుని నిలబడే ఉన్నాను. కాసేపటికి పొదల్లోంచి గొంతు వచ్చింది.

"సునీతా, ఎంతొచ్చింది?"

"పద్దెనిమిది మీటర్లు సార్. ప్యాంటు సంగతి మీరే చూసుకోవాలె."

అది ఉద్యోగంలో నా మూడో రోజు. ఆ సారు పేరు కిరణ్. పట్నంలో పెద్ద చదువు చదివి వచ్చాడు. బండలను పుస్తకాల్లో ఫొటోలుగా చూశాడు తప్ప, ఎక్కి చూడలేదు. ఆ రోజే నా పనేమిటో నాకు అర్థమైంది. టేపు ఒక కొస పట్టుకోవాలి. రెండో కొస పట్టుకున్నవాళ్ళు ఎటు జారిపోయినా మనం మాత్రం వదలకూడదు.

ఎనిమిదేళ్ళు అలా పట్టుకున్నాను. పోయినేడు నేనూ జారాను. నాకు పొదలు దొరకలేదు, రాయి దొరికింది. మోకాలి చిప్ప పక్కన ఏదో తెగిందని నిజామాబాద్ దవాఖానలో చెప్పారు. ఇక బండలెక్కొద్దన్నారు. అలా ముప్పై ఒకటో ఏట నేను రిటైరయ్యాను. మా తండాలో ఈ మాట చెబితే నవ్వుతారు. "మా అవ్వ డెబ్బై ఏండ్లకు గూడ కలుపుకు పోతది, నువ్వు రిటైరైతివా?" అంటారు.

మా మేడం ఫోన్ చేసి, కొత్తగా నలుగురు అమ్మాయిలు చేరుతున్నారు, పని గురించి రాసి పెట్టు అంది. "కాగితాల్లో ఉన్న పని కాదు, అసలు పని" అని కూడా అంది. నేను పదో తరగతి పాసు, ఇంటర్ ఫెయిలు. కాబట్టి అసలు పని గురించి రాయడానికి నాకన్నా సరైన మనిషి దొరకదు.

పనేమిటంటే

భూమిలో కిలోమీటర్ల లోతున బండ వేడిగా ఉంటుంది. కొన్నిచోట్ల మరీ వేడి. ఆ వేడి బండలో పగుళ్ళు ఉన్నాయనుకోండి, ఒక బోరులో నీళ్ళు పంపితే అవి పగుళ్ళలో తిరిగి, కాగి, ఇంకో బోరులోంచి పైకొస్తాయి. ఆ ఆవిరితో కరెంటు చేసుకోవచ్చు. పొయ్యి మనం వెలిగించక్కర్లేదు, కట్టెలు ఏరుకు రానక్కర్లేదు. కానీ పగుళ్ళు లేకపోతే ఎంత వేడి ఉన్నా ఏం లాభం? పొయ్యి మండుతోంది, గిన్నె పెట్టడానికి చోటు లేదు, అంతే.

చిక్కల్లా ఒక్కటే. అంత లోతుకు దిగి చూసొచ్చినవాడు లేడు. డోంగ్లి దాటి మహారాష్ట్ర వైపు పోతే పైనంతా నల్లరాయి, నల్లరేగడి. మాకు కావలసిన గ్రానైటు దాని కింద దాక్కుని ఉంటుంది. అదే గ్రానైటు బాన్సువాడ చుట్టుపక్కల పైకి తేలి ఎండకు కూర్చుంది. అందుకని ఇక్కడి బండల మీద పగుళ్ళు ఎన్ని ఉన్నాయి, ఎటు పోతున్నాయి, ఎంత పొడవు, ఎంత వెడల్పు, సందులో ఏం నిండింది అని కొలుస్తాం. కొలిచి, కనిపించని బండ లోపల ఎలా ఉంటుందో ఊహిస్తాం. మేడం మొదటి వారం మాకు చెప్పిన మాట ఇది: "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తాం కదా, అలాగే."

నేను ఊరుకోకుండా అన్నాను: "మేడం, మా ఇంట్ల మీది మెతుకు పలుకుంటది, కింద మాడిపోయి ఉంటది."

మేడం కళ్ళద్దాలు తీసి మరీ నవ్వింది. "మన తిప్పలన్నీ అవే సునీతా" అంది. అప్పుడు నేను జోకు బాగా పేలిందనుకున్నాను.

ఇక రోజూ చేసే పని చెబుతాను. పొద్దున ఆరింటికి బండ మీద ఉండాలి. పదకొండు దాటితే బండ మీద దోశ పోసుకోవచ్చు. టేపు చాపి, దాన్ని దాటే ప్రతి పగులు దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, దిక్సూచి పెట్టి, భూతద్దంతో చూసి గట్టిగా చెప్పాలి. ఇంకొకరు రాసుకుంటారు. పగులు పగులుకూ ఒక వరుస. రోజుకు వందసార్లు కూర్చుని లేవాలి. మోకాళ్ళ గురించి ముందే చెప్పాను కదా.

వడ్లెండబెట్టే బండ మీద రంగు వేయకండి

నా మొదటి తప్పు చిన్నదే. కాలువ కింద పొలాలున్న ఒక కోస్తా ఆసామి చేను పక్కన రెండో బండ ఉండేది. కొలిచిన పగుళ్ళ పక్కన తెల్ల పెయింటుతో నంబర్లు వేయమని కిరణ్ సార్ చెప్పాడు. ముత్యాల్లాంటి అంకెలు వేశాను. వారం తర్వాత ఆ ఆసామి దోసెట్లో వడ్లు పట్టుకుని మా జీపు ఎదుట నిలబడ్డాడు.

"ఏమ్మా, రుద్రూరు వ్యవసాయ ఫారం నుంచి వచ్చారేమో, మట్టి పరీక్ష కాబోసు అనుకుని మజ్జిగ కూడా పోశాను గదా! ఈ గింజలు చూడు. మా వడ్లకి బొట్లెవరు పెట్టారు?"

నిజంగానే గింజలకు తెల్ల బొట్లున్నాయి. తాతల నాటి నుంచి ఊరంతా వడ్లెండబోసే బండ అది. ఎండకు పెయింటు మెత్తబడి గింజలకు అంటింది. ఆయన తిట్టలేదు. కొబ్బరిపీచు, కిరసనాయిలు ఇచ్చి, అరుగు మీద కూర్చుని చూశాడు. నూట నాలుగు అంకెలు నేనే గీకాను. కిరణ్ సారుకు సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది, జీపులో కూర్చుని గంటన్నర మాట్లాడాడు.

కాబట్టి సుద్దముక్కలు వాడండి. ఏ బండ అయినా ఎవరో ఒకరికి కళ్ళమో, మంచమో, పిల్లలు ఆడుకునే చోటో అయి ఉంటుంది. మనమే చివర వచ్చినవాళ్ళం.

లంకెబిందెలు

ఏ ఊరెళ్ళినా జనం మనల్ని నమ్మరు. సుత్తె, భూతద్దం, దిక్సూచి చూడగానే వాళ్ళకు ఒకటే అనుమానం. డోంగ్లి దగ్గర ఒక మరాఠీ తాత మూడు రోజులు మేకలతో సహా మా వెనకే తిరిగాడు. "కాయ్ శోధతాయ్ బాయీ?" అంటాడు, ఏం వెతుకుతున్నావని. పగుళ్ళని చెబితే నవ్వుతాడు. మూడో రోజు దగ్గరికొచ్చి, వచ్చీరాని తెలుగులో మెల్లగా అన్నాడు: "బిందె దొర్కితే నాకు మూత ఇస్తే చాలు."

కోపం తెచ్చుకోకండి. ఆ తాతతో పాటు ఆయన మేకలు తిరిగే దారి మాకు దొరికింది. నల్లరాయి అయిపోయి గ్రానైటు మొదలయ్యే గీత అక్కడే బయటపడి ఉంది. మ్యాపులో ఆ గీత ఫర్లాంగు అవతల ఉంది. తాతకు మూత ఇవ్వలేదు గానీ మేడం స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చింది, మూతతో సహా.

నోరు తెరిచిన పగులు, నోరు మూసిన పగులు

మేడం పేరు భారతి. రిటైర్మెంటుకు పదేళ్ళుందనగా మా దగ్గరికొచ్చింది. అరవదు. కోపమొస్తే పెన్సిల్ చెక్కుతుంది. పెన్సిల్ పొట్టిదయ్యే కొద్దీ మాకు భయం పెరిగేది.

ఆమె నేర్పిన దాంట్లో ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. కొత్తవాళ్ళందరికీ నోరు తెరుచుకుని ఉన్న పగులు ఇష్టం. చెయ్యి దూరుతుంది, ఫొటోలో బాగా పడుతుంది, నీళ్ళు ఇందులో బ్రహ్మాండంగా పారతాయి అనిపిస్తుంది. అది పైపై పగులు కావచ్చు. బండ మీది మట్టి బరువు లక్షల ఏళ్ళలో కొట్టుకుపోయి, ఊపిరి పీల్చుకున్నట్టు బండ పైకి లేచి, ఉల్లిపొరల్లా విడిపోతుంది. అలాంటివి లోతుకు పోవు. లోపల పుట్టిన పగులు నోరు మూసుకుని ఉంటుంది. సందులో పలుగురాయి తెల్లగా పేరుకుని ఉంటుంది, పక్కన పాకుడులాంటి పచ్చటి పూత ఉంటుంది. ఒకప్పుడు వేడినీళ్ళు అందులో తిరిగాయని అది సాక్ష్యం. చూడ్డానికి పిసినారి గీతలా ఉంటుంది, కానీ లోపల ఏం జరిగిందో చెప్పేది అదే.

ఆఫీసర్ల విషయంలోనూ నేను ఇదే పాటించాను. పెద్దగా తప్పు పోలేదు.

కిరణ్ సార్ చెడ్డవాడు కాదు, ఇది రాసి తీరాలి. మా తండాలో జ్వరాలొచ్చినప్పుడు జీపు తనే నడిపి రెండుసార్లు దవాఖానకు తిప్పాడు. కానీ ఆయనకు లెక్క ఎక్కువ రావాలి. సాయంత్రం నోట్‌బుక్ చూసి, "ఇవాళ డెబ్బై! శెభాష్" అనేవాడు. ఇరవై వస్తే టీ కూడా తాగేవాడు కాదు. మనుషులం కదా, శెభాష్‌కు అలవాటు పడ్డాం. ఒక పగులు చివర రెండుగా చీలితే నేను రెండు రాసేదాన్ని. చెప్పడానికి సిగ్గే, కానీ రాశాను.

తొమ్మిదో బండ

పదకొండు బండలు కొలిచాం. తొమ్మిదోది మా తండా పక్కనే ఉంది. చిన్నప్పుడు నేను చింతగింజలాడిన బండ.

పైన కొలిచిన పగుళ్ళు నిజంగా కిందికి పోతున్నాయో లేదో చూడటానికి ఒక బోరు వేస్తామన్నారు. ఒక్కటే. పదకొండింటిలో ఏ బండ పగుళ్ళు బాగుంటే దాని పక్కన వేస్తారు. మిషను పెద్ద లారీ మీద వస్తుంది. లారీ రావాలంటే రోడ్డు కావాలి.

మా తండాకు రోడ్డు లేదు. మెయిన్ రోడ్డు నుంచి మట్టిదారి, వానాకాలం అది దారి కాదు, మడి. మధ్యలో చిన్న కల్వర్టు ఉంది, మోరీ అంటాం; ఆటోవాడు అక్కడే దింపేసి, "ఇగ నడువుండ్రి" అంటాడు. మా యాడి, అంటే మా అమ్మ, కాలు విరిగినప్పుడు మోరీ దాకా మోసుకుపోయాం. బోరు మా దగ్గర పడితే రోడ్డు పడుతుంది. ఈ మాట తండాలో ఎవరు మొదలుపెట్టారంటే, నేనే.

తొమ్మిదో బండ కొలుస్తుంటే నాకు పండగలా ఉంది. బండ ఒక పక్క మెట్లుమెట్లుగా ఉంది, ప్రతి మెట్టు కింద అరచెయ్యి దూరేంత సందు. పైన అడ్డంగా, నిలువుగా బోలెడు పగుళ్ళు. నూట ఇరవై ఆరు. ఇంకే బండ దగ్గరా అన్ని రాలేదు. ఒకటి మాత్రం చెప్పాలి. నడుస్తుంటే కొన్నిచోట్ల బండ బోలుగా మోగేది. ఖాళీ డబ్బా మీద నడిచినట్టు. విన్నాను. పగుళ్ళు ఎక్కువున్నాయి కదా, మోగదా మరి, అనుకున్నాను. మనకు కావలసిన జవాబు దొరికాక చెవి ఇంకో ప్రశ్న వేయదు.

రిపోర్టు పోయింది. బోరు తొమ్మిదో బండ దగ్గర అని పైనుంచి మాటొచ్చింది. చివరిసారి చూసి సంతకం పెట్టడానికి పెద్ద సార్లు వస్తారన్నారు. తండాలో నన్ను చూసి ఆడవాళ్ళు కూర్చోమని మంచం వాల్చడం మొదలుపెట్టారు.

బాపు వచ్చాడు

పెద్ద సార్లు రావడానికి ముందు రోజు. కిరణ్ సార్, నేను బండ దగ్గర ఫొటోలు తీస్తున్నాం. మధ్యాహ్నం మా బాపు, మా నాయన, నాకు టిఫిన్ డబ్బా తెచ్చాడు. ఇంట్లో మేం మా భాషే మాట్లాడతాం గానీ, సారుకు అర్థం కావాలని బాపు తెలుగులోకి దిగాడు.

"సారూ, గీ బండను గంత మంచిగ ఫోటో దీస్తుండ్రు, ఏంది సంగతి?"

"ఇది చాలా గొప్ప బండ పెద్దాయనా. ఇలాంటి పగుళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేవు."

బాపు కర్ర బండకు ఆనించి, మీసం దువ్వుకున్నాడు. "ఎట్లుంటయ్ సారూ? పదేండ్లు జేసినం."

"ఏం చేశారు?"

"గీ పగుళ్ళే."

కెమెరా కిందికి దిగింది. నా చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

బాపు ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. తన పనిని పట్నం సారు మెచ్చుకోవడం అదే మొదటిసారి మరి. కర్రతో ఒక్కో మెట్టూ చూపించాడు. "నేను పెండ్లిగాక ముందు వడ్డెర మేస్త్రిల తోటి పనికి పోతుంటి. గిదిగో, గీ మెట్టుల పొర మన బడి అరుగైంది. గా పక్కది బాన్సువాడల ఓ హోటలాయన పట్టుకపోయిండు, గిన్నెలు కడిగే కాడ ఏసుకున్నడు. గా మూడోది మా ఇంటి గడప. సునీత గా గడప మీదనే పండ్లు ఊడగొట్టుకున్నది."

"కానీ ఉలి గుర్తులు ఏవీ?" సారు బండ మీదికి వంగి వెతికాడు.

"ఉలి ఎందుకు సారూ? నిప్పు. ఎండు కట్టెలు పరిచి అంటువెడ్తం. మంటను మెల్లగ ముందటికి జరుపుకుంట పోతం. సుత్తెతోని కొట్టుకుంట ఇంటం. టంగ్ మన్నదనుకో, ఇంక అతుకే ఉన్నది. డబ్ మన్నదా, పొర లేసింది. అప్పుడు పెద్ద గుండు ఎత్తి ఏస్తే ముక్కలైతది. నిప్పుకు పండ్లుంటయా సారూ, కొరికిన గుర్తు వడనీకి?"

అని ఆగి, పైకి చూపించాడు. "ఇంకో రెండు పొరలు లేపినం. మేస్త్రి దగ్గుతోటి పాయె, పని ఆగిపాయె. గవి గట్లనే ఉన్నయ్. నడిస్తే డబ డబ అంటది, ఇనలేదా?"

విన్నాను బాపూ, అని అనాలి. నోట్లో ముద్ద ఉంది.

బాపు డబ్బా మూత కోసం వెతుకుతుంటే కిరణ్ సార్ నన్ను పక్కకు పిలిచాడు. చెమట తుడుచుకుని, "సునీతా, మీ నాన్నగారు ఇవాళ ఇక్కడికి రాలేదు" అన్నాడు.

"గదేంది సార్, ముందటనే ఉన్నడు గద."

"రాలేదు అనుకుందాం. రిపోర్టు పోయింది, రేపు సంతకాలు. కింద నిజం పగుళ్ళు కూడా ఉండొచ్చు, ఎవరు చూశారు? నా కాంట్రాక్టు సంగతి వదిలెయ్. రోడ్డు వస్తుందని ఊరంతా చెప్పింది ఎవరు?"

నేను వెళ్ళి డబ్బా మూత వెతికి బాపు చేతికిచ్చాను.

మట్టిదారిన నడుస్తుంటే బాపు అడిగాడు. "సారు మొఖం గట్ల మాడిపాయెనేందే? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

చెప్పేశాను. బోరు ఎందుకో, పగుళ్ళు ఎందుకు లెక్కబెట్టామో, తను చేసినవి భూమి చేసినవని నేనెలా రాసేశానో. బాపు వింటూ నడిచాడు. మోరీ దాకా వచ్చాక ఆగాడు.

"అంటే, రోడ్డు రాదా?"

"ఊకుంటే వస్తది బాపూ. చెప్తే రాదు."

బాపు మోరీ మీద కూర్చున్నాడు. యాడిని మేం మోసుకొచ్చి దింపింది అక్కడే. కర్రతో మట్టిలో గీతలు గీశాడు. ఆయన నోటి నుంచి "ఊకో" అనే మాట రావాలని నేను మొక్కుకున్నాను. ఇది కూడా రాసి తీరాలి. ఆ మాటొస్తే తప్పు సగం ఆయనదవుతుంది కదా.

"గా బండ మీద చేతులు గాల్చుకున్నది నేను" అన్నాడు చివరికి. "మేస్త్రి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నడు. గిప్పుడు గవి దేవుడు జేసిండని రాసుకుంటవా? కాగితం మీద గూడ మా పేరుండదా?"

పొట్టి పెన్సిల్

సాయంత్రం ఆటో పట్టుకుని బాన్సువాడ వెళ్ళాను. మేడం బస్టాండు వెనక ఎరువుల దుకాణం పైగదిలో కిరాయికి ఉండేది. నిలబడే అంతా చెప్పాను. చీలిన పగుళ్ళను రెండుగా రాసిన సంగతి కూడా, అడగకపోయినా చెప్పాను. మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాను.

మేడం పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది. వేలెడంత పెన్సిల్ గోరంత అయ్యాక మాట్లాడింది.

"నేనూ ఆ బండ మీద గంటసేపు నడిచాను. డబడబమని నాకూ వినిపించింది. ఈ మధ్య చెవుల్లో హోరుగా ఉంటోంది కదా, అదేనేమో అనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు కారుతుంది, ఇంకేం కాదు.

"నిజం పగుళ్ళెన్ని, మీ నాన్నవి ఎన్ని, విడదీయగలవా?"

"నాకు రాదు మేడం. బాపుకొస్తది."

"పెద్దవాళ్ళు పొద్దున తొమ్మిదింటికి వస్తారు" అంది. అంతే అంది. చెయ్యమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మంచి ఆఫీసరంటే నా లెక్కలో అదే. మన తప్పును మన చేతిలోంచి లాక్కోదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఆఖర్లో చెప్పడం నాకిష్టం లేదు. బోరు ఆరో బండ దగ్గర పడింది. ఆ బండ మీద పంతొమ్మిదే పగుళ్ళు, అన్నీ నోరు మూసుకున్నవే. అక్కడ కిందినుంచి తీసిన రాతికడ్డీల్లో అదే పలుగురాయి, అదే పచ్చపూత బాగా లోతు దాకా కనిపించాయి. రోడ్డు కూడా అటే పోయింది. మా తండాలో నెలరోజులు నాకెవరూ మంచం వాల్చలేదు. మా చిన్నమ్మ మొహం మీదే అంది: "ఇగ నోరు మూసుకోని ఉంటే నీ సొమ్మేం పోయేదే?" మోరీ దగ్గర ఇప్పటికీ దిగి నడుస్తాం. నాకు మోకాలు పోయాక ఇంకా మెల్లగా నడుస్తాను. కిరణ్ సార్ కాంట్రాక్టు మాత్రం పోలేదు, ఆయన ఊరికే భయపడ్డాడు. ఇప్పుడు కొత్త పిల్లలను తీసుకుని బండ ఎక్కగానే ముందు ఊళ్ళో పెద్ద మనిషినెవరినైనా పిలిపిస్తాడట. "ఇందులో మీరు చేసినవి ఏమైనా ఉన్నాయా?" అని అడుగుతాడట.

మీరూ అడగండి. దిక్సూచి తీయకముందే అడగండి.

మర్నాడు పొద్దున

ముందు రోజు సాయంత్రమే బస్టాండు దగ్గర ఎర్ర సుద్దముక్కల డబ్బా ఒకటి కొన్నాను. మామూలుగా మేం వాడేది తెల్లది. పొద్దున ఆరింటికి బాపు నాకన్నా ముందే లేచి, తలపాగా చుట్టుకుని గడప మీద కూర్చున్నాడు. ఆ గడప, మూడో మెట్టు.

బండ మీద బాపు ముందు నడిచాడు. కర్రతో కొట్టడం, చెవి వంచి వినడం. "నాది." నేను ఎర్ర ఇంటూ గుర్తు వేయడం. "గిది నాది." ఇంకో ఇంటూ. "గిది మేస్త్రిది, నా చెయ్యి గిట్ల వంకర పోదు." దానికీ వేశాను. ఎక్కడా తడుముకోలేదు. ముప్పై ఏళ్ళ కిందటి పని, నిన్న చేసినట్టు చెబుతున్నాడు.

ఒక్కచోట ఆగాడు. సన్నటి గీత. నేను నోట్‌బుక్‌లో దాన్ని ఆఖర్న, చిన్నగా రాసిపెట్టాను. "గిది మాది గాదే. మేం వచ్చేటాల్లకే ఉండె. దీని కాడికి వస్తే నిప్పు గూడ ముందటికి పోకపోతుండె. మస్తు తిప్పలు వెట్టింది."

మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం పెట్టాను. పలుగురాయి, పక్కన పచ్చపూత. దాని మీద ఎర్రసుద్ద పెట్టలేదు.

ఎనిమిదిన్నరకు బండంతా ఎర్రగా అయింది. నూట ఇరవై ఆరులో గుర్తు పడనివి ఏడు. దూరంగా మోరీ దగ్గర జీపులు బురదలో ఇరుక్కుని గేర్లు మార్చుకుంటున్న చప్పుడు వినిపించింది. బాపు అటు చూశాడు, నేనూ చూశాను.

టేపు తీశాను. సున్నా కొస నా దగ్గర పెట్టుకుని, రెండో కొస బాపు చేతికిచ్చి, "ఏమన్న గానీ, ఇడువకు బాపూ" అన్నాను. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, తొమ్మిదో బండ అని రాసి, ఒకటో నంబరు దగ్గర కూర్చున్నాను.